మల్లయ్యకి ఏడో నెల

పెళ్ళయిన నలభై ఒకటో రోజు ఉదయం తొమ్మిదింబావుకి, యాభై నాలుగేళ్ళ మల్లయ్య మేస్త్రికి ఏడో నెల నడుస్తోందని కంప్యూటరు సింధూరకి చెప్పింది.

పెళ్ళయి ఎన్ని రోజులయిందో లెక్కపెట్టుకోవడం ఆమెకి ఈమధ్యే అబ్బిన అలవాటు. మెళ్ళో పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది. ఏ చుడీదారు వేసుకున్నా మెడ దగ్గర పసుపు అంటుతోంది. ఆ మరక అద్దంలో కనబడినప్పుడల్లా ఊరికే నవ్వొస్తుంది. ఆ పొద్దున కూడా భర్త శశాంక్ బైకు మీంచి దిగి, మరక చూసుకుని, నవ్వుకుంటూనే ఆసుపత్రి మెట్లెక్కింది. కుర్చీలో కూర్చుని కంప్యూటరు తెరిచేదాకా ఆ నవ్వు ఉంది.

"హారికా, ఒకసారి ఇలా రా. ఈ మల్లయ్య మగమనిషేనా?"

రిసెప్షన్‌లో కూర్చునే హారిక అక్కణ్ణుంచే తల తిప్పింది. "భలేవారే మేడం. బారెడు మీసాలుంటేనూ."

"మరి ఏడో నెలేంటి?"

హారిక వచ్చి తెరమీదకి వంగి చూసి, పెద్ద విశేషమేమీ లేనట్టు, "అది బుజ్జమ్మ కోడలిదండీ" అంది.

"బుజ్జమ్మ కోడలి కడుపు మల్లయ్యకి ఎందుకొచ్చింది?"

"నంబరు ఒకటే కదండీ. మొన్న క్యాంపులో ముఠావాళ్ళందరూ మేస్త్రి నంబరే చెప్పారు. నేను పేరు కొట్టగానే 'ఈ నంబరు మీద మల్లయ్య ఉన్నారు, కొనసాగించాలా' అని అడిగేది. అవునని నొక్కాను."

"ప్రతిసారీ?"

"వెనకాల లైను ఉంది కదా మేడం."

సింధూర కళ్ళు మూసుకుని తెరిచింది. మల్లయ్య ఏడో నెల అలాగే ఉంది.

మామిడి కోతలకి తిరిగే ముఠాల్లో ఫోన్లు లేక కాదు. సగం మందికి ఉన్నాయి. కానీ చెట్టెక్కేవాడు జేబులో ఫోను పెట్టుకోడు, కింద కాయలేరే ఆడవాళ్ళు నీళ్ళ డబ్బా పక్కన పెట్టి మరిచిపోతారు. తోట రైతు పిలవాలన్నా, ఇంటి దగ్గర పిల్లలకి జ్వరమొచ్చిందని చెప్పాలన్నా మేస్త్రి నంబరుకే చేస్తారు. అందుకని ఎవరు నంబరడిగినా వాళ్ళ నోటికి ముందొచ్చేది మేస్త్రి నంబరే. అది వాళ్ళకి ఇంటి చిరునామా లాంటిది.

ఆ సంగతి సింధూరకి తెలియదు. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ చేసినప్పుడు ఎవరూ చెప్పలేదు. నూజివీడులో ఈ నలభై పడకల ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి ఆమె పట్టుబట్టి చేయించిన పెద్ద పని ఈ కంప్యూటరు పద్ధతే. అంతకుముందు పాతికేళ్ళపాటు అక్కడ అన్నీ చీటీలే. పేషెంటు చీటీ పారేసుకుంటే పాత రోగం కూడా పోయినట్టే. ఆ చీటీల పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన సంచిలో వేసుకుంది.

ఈ ఉద్యోగం ఏమిటో చెప్పమంటే ఆమెకి ఇప్పటికీ చిరాకే. పెళ్ళిలో అక్షింతలు వేయడానికి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగారు. "డాక్టరా అమ్మా?" కాదండీ. "నర్సువా?" కాదండీ. "మరి ఆసుపత్రిలో ఏం చేస్తావమ్మా?" అప్పుడు ఆమె మొదలుపెట్టేది. ఆక్సిజన్ సిలిండరు అయిపోకముందే ఇంకోటి రావాలి కదండీ, రాత్రి డ్యూటీ నర్సు రాకపోతే ఎవరినో పిలవాలి కదండీ, సూదులు ఏ సంచిలో వెయ్యాలో, బ్యాండేజీలు ఏ సంచిలో వెయ్యాలో... అక్కడికొచ్చేసరికి అడిగినవాళ్ళు భోజనాల వైపు నడిచేవారు. చివరికి మామగారు వెంకటేశ్వర్లే ఒక మాట తయారుచేశారు. "మా కోడలు డాక్టర్లకే డ్యూటీలు వేస్తుంది" అని తమ ఊరు ఆగిరిపల్లి అంతా చెప్పుకున్నారు. అది నిజం కాకపోయినా సింధూరకి ఎంతో బాగుంది.

ఆ ముచ్చటతోనే ఆయన మొన్న తన తోటలో వైద్య శిబిరానికి చోటిచ్చారు. ఆలోచన సింధూరది. కోతలప్పుడు ముఠావాళ్ళు ఆసుపత్రికి రారు కాబట్టి ఆసుపత్రే తోటకి వెళ్ళాలని. మోటారు షెడ్డు నీడలో బల్ల వేశారు. రక్తం తీయడానికి నర్సింగ్ కాలేజీ పిల్లలు వచ్చారు. మామగారు తలకి తువ్వాలు చుట్టుకుని, "రండ్రా, సూదిపోటుకి ఎవరూ చచ్చిపోరు" అని అందరినీ తోలారు. "మీరూ చేయించుకోండి మావయ్యగారూ" అంటే, "నాకేంటమ్మా, గుండ్రాయిలా ఉన్నాను" అన్నారు. పదకొండింటికి ఆసుపత్రిలో జనరేటరు ఆగిపోయిందని ఫోనొస్తే సింధూర, హారిక పరుగున వచ్చేశారు. మిగతా పేర్లు కొట్టడం, రక్తం తీయడం ఆ కాలేజీ పిల్లలే చూసుకున్నారు.

ఇప్పుడు తెర మీద మల్లయ్య పేరుతో పదిహేను రక్త పరీక్షలు ఉన్నాయి. ఒకే మనిషికి, ఒకే రోజు. హిమోగ్లోబిన్ ఎనిమిది, పద్నాలుగు, పదకొండు. సుగరు ఎనభై నాలుగు, నూట పది, తొంభై ఆరు. ఆపైన ఎర్రగా ఒక వరస.

సుగరు: 486.

సింధూర ఆ అంకెని మూడుసార్లు చదివింది. తర్వాత ల్యాబ్‌లోకి వెళ్ళింది.

"కిషోర్ బాబు గారూ, ఈ నాలుగొందల ఎనభై ఆరు ఎవరిదండీ?"

కిషోర్ బాబు మైక్రోస్కోపు నుంచి కన్ను తీయకుండానే, "మల్లయ్యది మేడం" అన్నాడు.

"ఏ మల్లయ్యది?"

"పదిహేను గొట్టాలూ మల్లయ్యవే. నేనూ అనుకున్నాను, ఈయన ఒక్కడూ ఇంత రక్తం ఎందుకిచ్చాడా అని."

"అనుకుని ఊరుకున్నారా?"

"రిజిస్ట్రేషన్ మీ విభాగం కదండీ" అన్నాడు చాలా మర్యాదగా.

కాలేజీ పిల్లలకి ఫోను చేస్తే, "మాకు గుర్తులేదు మేడం, అందరూ తలకి తువ్వాళ్ళే కదా" అన్నారు. మల్లయ్యకి చేస్తే స్విచాఫ్.

డాక్టర్ శేషగిరిరావు గారు ఆసుపత్రి యజమాని. అరవై దాటిన మనిషి. రిపోర్టు చూసి, అద్దాలు నుదుటి మీదకి తోసుకుని, చాలా రోజులుగా దాచుకున్న మాట బయటికి తీశారు.

"చీటీల రోజుల్లో ఇలాంటిది జరిగిందా అమ్మాయ్?"

"జరిగే ఉంటుందండీ. కాకపోతే మనకి తెలిసుండదు."

ఆయన ఒక క్షణం ఆమె వైపు చూశారు. కోప్పడతారేమో అనుకుంది. కోప్పడలేదు. "మాటలు తర్వాత. ముందు ఆ మనిషెవరో పట్టుకో. అంత సుగరుతో ఈ ఎండలో తిరిగితే ఎప్పుడైనా పడిపోవచ్చు. చెట్టు మీద ఉండగా కళ్ళు తిరిగాయనుకో..." అని ఆపేశారు. ఆపేసింది సింధూర మనసులో పూర్తయింది.

శశాంక్‌కి ఫోను చేసింది. మల్లయ్య ముఠా నిన్నటిదాకా కోసింది వాళ్ళ తోటే. "ఇవాళ బాపులపాడు దగ్గర ఒక తోటలో దిగారు. సాయంత్రం లారీ ఎక్కి మైలవరం అవతలికి పోతారు. అక్కడ ఫోనుకి సిగ్నలుండదు" అన్నాడు. "పావుగంటలో వస్తున్నా, కింద ఉండు."

కిషోర్ బాబు వేలు గుచ్చి సుగరు చూసే చిన్న యంత్రం, పట్టీల డబ్బా ఇచ్చి, ఎలా వాడాలో చూపించాడు. ఒక నర్సుని వెంట తీసుకెళ్దామంటే ఎవరూ ఖాళీ లేరు. డ్యూటీల చార్టు వేసింది తనే కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయింది.

బైకు మీద శశాంక్ హుషారుగా ఉన్నాడు. పనిరోజు పట్టపగలు పెళ్ళాంతో షికారు దొరికింది మరి.

"మేడం గారూ, ఈ వంకనైనా మనిద్దరం బాపులపాడు చూస్తున్నాం."

"నవ్వకు శశాంక్. నాకు ఒళ్ళు మండిపోతోంది."

"ఎవరి మీద?"

"అందరి మీదా. నొక్కిన హారిక మీద, నొక్కనిచ్చిన ఆ సాఫ్టువేరు మీద, చెప్పని కిషోర్ బాబు మీద. ఊళ్ళో ఎవరికీ సొంత నంబరు చెప్పాలని తోచదా?"

"నా మీద లేదు కదా?"

"నీ మీద ఇప్పుడు లేదు. పొద్దున ఉండింది, అత్తయ్యగారు నిన్ను తిడుతుంటే నువ్వు ఊరుకున్నావని."

పొద్దున ఇంట్లో అత్తగారు శశాంక్‌ని తిట్టారు. రాత్రి నింపిన బిందె తెల్లారేసరికి సగానికి దిగిపోతోందట, వారం నుంచీ ఇదే వరసట, ఇంత నీళ్ళు ఎవరు తాగుతున్నారని. శశాంక్ తను కాదని ఒక్కమాట అని ఊరుకున్నాడు. ఎండలు కదా అని సింధూర సర్దిచెప్పింది. ఇప్పుడు గాలికి చున్నీ ఎగురుతుంటే ఆ చిన్న గొడవ గుర్తొచ్చి కొంచెం నవ్వొచ్చింది కూడా. దారికి రెండువైపులా తోటలు. పండిన రసాల వాసన వేడిగాలిలో కలిసి ముఖానికి కొడుతోంది. చిరాకులో కూడా అతని చొక్కా గట్టిగా పట్టుకుని కూర్చోవడం బాగానే ఉందని, అది అతనికి తెలియనివ్వకూడదని అనుకుంది.

తోటలో కోత జోరుగా ఉంది. పొడుగాటి కర్రకి వల కట్టిన చిక్కాలతో మగవాళ్ళు కొమ్మల్లో ఉన్నారు. ఆడవాళ్ళు కింద కాయలు అందుకుని, సొన కారేలా తొడిమలు కిందికి పెట్టి వరసగా బోర్లిస్తున్నారు. బైకు చూసి మల్లయ్య చెట్టు దిగాడు. మీసాలు నిజంగానే బారెడు.

"ఏంటండి చిన్నమ్మగారూ, ఇంతదూరం వచ్చారు?"

"నీ ఫోనేమైంది?"

"ఛార్జింగు లేదండి. రాత్రంతా మెసేజులు టింగుటింగుమని మోగి మోగి చచ్చిపోయింది."

అందరినీ చెట్లు దింపించేసరికి పావుగంట పట్టింది. దిగినవాళ్ళు సూది చూసి మళ్ళీ ఎక్కబోయారు. ముందు బుజ్జమ్మ వచ్చింది, ముఠాలో అందరికంటే పెద్దది, నోరూ పెద్దదే. వేలు గుచ్చి చూస్తే యంత్రం మూడొందల పన్నెండు చూపించింది.

"బుజ్జమ్మా! నువ్వేనా?" సింధూర ఆమె చెయ్యి పట్టుకుంది. "దాహం ఎక్కువగా ఉంటోందా? కూర్చో, ముందు కూర్చో."

"కూర్చోడానికేముందమ్మగారూ. నాకేమైంది?"

శశాంక్ బుజ్జమ్మ చేతివైపు చూశాడు. వేళ్ళనిండా పసుపుపచ్చగా రసం. "ఇప్పుడే కాయ తిన్నావా?"

"రాలిందండి బాబుగారూ. రాలినకాయ తినకపోతే పాపం కాదా?"

మోటారు నీళ్ళతో చెయ్యి రుద్ది రుద్ది కడిగించి మళ్ళీ చూస్తే నూట పద్ధెనిమిది. వేలి మీదున్న మామిడిరసం బుజ్జమ్మకి రోగం తెచ్చి తీసుకుపోయింది. అప్పటినుంచి ఒక్కొక్కరినీ చేతులు కడిగించాకే గుచ్చింది. తొంభై. నూట నాలుగు. ఎనభై ఎనిమిది. "చెట్టు మీద చీమలు కుడితే ఇంతకంటే నొప్పి" అని ఒకడు, "నా రక్తం తియ్యగా ఉందా అమ్మగారూ" అని ఇంకొకడు. బుజ్జమ్మ కోడలు, ఆ ఏడో నెల అసలు హక్కుదారు, సిగ్గుపడుతూ వచ్చి వేలిచ్చింది. తొంభై రెండు. నీడలో కూర్చోమని, రేపు ఆసుపత్రికి తీసుకురమ్మని బుజ్జమ్మకి చెప్పింది. చివరికి మల్లయ్య. నూట ఆరు.

"ఇంకెవరున్నారు?"

"ఇంతేనండి. మేం పద్నాలుగు మందిమే."

"గొట్టాలు పదిహేను వచ్చాయి."

"ఒకటి ఎక్కువొచ్చిందేమోనండి."

"రక్తం ఎక్కువ ఎలా వస్తుంది మల్లయ్యా? కొసరు వెయ్యడానికి అవేమైనా కాయలా?"

ముఠా అంతా నవ్వింది. మల్లయ్య నవ్వలేదు. మీసం కొస పట్టుకుని నేలమీద ఎండుటాకుల్ని చూస్తున్నాడు.

"చెప్పెయ్ మేస్త్రీ" అంది బుజ్జమ్మ.

"మాటిచ్చానే."

"ఎవరికిచ్చావు?" అంది సింధూర. అతను మీసం కొస వదల్లేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆమె ఓపిక అయిపోయింది. "సరే, పేరు చెప్పొద్దు. ఒక్కటే చెప్పు. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడో చెట్టు మీద ఉన్నాడా? పైనుంచి పడితే నీదా బాధ్యత?"

"అయ్యో, ఆయన చెట్టెక్కే మనిషి కాదండి" అన్నాడు మల్లయ్య భయంగా. "కింద నుంచుని మమ్మల్ని ఎక్కమంటాడు."

శశాంక్ ఎవరో ఇచ్చిన పుల్లటి కలెక్టరు మామిడికాయ ముక్క నములుతున్నాడు. నమలడం ఆపేశాడు. సింధూర అతని వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి బిందె గుర్తొచ్చింది.

శిబిరంలో అందరూ లేచాక వెంకటేశ్వర్లు గారు మల్లయ్యని పక్కకి పిలిచారట. తానూ ఇస్తానని, ఫోను నంబరు మాత్రం మల్లయ్యదే వేయించమని, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని. ఆ కాలేజీ పిల్లలకి ఆయనెవరో ఏం తెలుస్తుంది. తలకి తువ్వాలు, ఒంటి మీద బనియను. ముఠాలో ఇంకొకడు అనుకున్నారు.

"నిన్న సాయంత్రం మెసేజులు వచ్చాయండి. అయ్యగారు అడిగారు. అన్నీ బాగానే ఉన్నాయండీ అని చెప్పాను" అన్నాడు మల్లయ్య.

"పదిహేనూ చదివావా?"

"పై రెండూ చదివానండి. 'మీ రిపోర్టు సాధారణం' అనుంది. ఇక మిగతావీ అంతేగా అని..."

"రెండు చదివి పదిహేను మందికి చెప్పావా?"

మల్లయ్యకి ఆమె కోపం నిజంగానే అర్థం కాలేదు. "గంప దింపితే పైన రెండు కాయలే కదండి తీసి చూసేది. అవి బాగుంటే గంప బాగున్నట్టే. ముప్పై ఏళ్ళుగా అలాగే చూస్తున్నాను. ఎవరూ తప్పు పట్టలేదు."

"ఇవి కాయలు కావు మల్లయ్యా, మనుషులు!"

అరిచింది గానీ, అరుస్తుండగానే గొంతు కొంచెం తగ్గింది. ఆ మెసేజు రాసింది తనే. 'మీ రిపోర్టు సాధారణం. ఆరోగ్యంగా ఉండండి.' ఎంత పొందిగ్గా ఉందో అని ఆ రోజు శశాంక్‌కి చదివి కూడా వినిపించింది. అందులో ఎవరి పేరూ లేదు. పేరుండాలని తనకి తోచనే లేదు. ఒక ఫోను, ఒక మనిషి అనుకుంది.

బైకెక్కుతూ అత్తగారికి ఫోను చేసింది.

"అత్తయ్యగారూ, మావయ్యగారు ఏం చేస్తున్నారండీ?"

"ఏం చేస్తారు, అరుగు మీద కూర్చుని చిన్న రసాలు పిసుకుతున్నారు. నిన్నట్నుంచీ మరీ ఎక్కువయింది."

"తిననివ్వకండీ! ఆపండి!"

"నేనా? ముప్పై రెండేళ్ళ నుంచీ ఏ మాటకి ఆగారు కనక?"

ఆగిరిపల్లి చేరేదాకా శశాంక్ గోతుల్లో కూడా బైకు నెమ్మది చేయలేదు. మధ్యలో ఒక్కసారి ఎడమచెయ్యి వెనక్కి పెట్టి ఆమె చేతిని నొక్కి, మళ్ళీ హ్యాండిలు పట్టుకున్నాడు.

వెంకటేశ్వర్లు గారు అరుగు మీద బాసింపట్టు వేసుకుని ఉన్నారు. ముందు గంప. పక్కన పళ్ళెంలో చీకి పారేసిన టెంకలు. చేతిలో ఒక పండు మెత్తగా పిసికి, తొడిమ తీసి, నోటి దగ్గర పెట్టుకోబోతున్నారు. పక్కనే నీళ్ళ చెంబు.

"ఆ పండు కింద పెట్టండి!"

ఆ ఇంట్లో సింధూర అంతవరకూ గొంతు ఎత్తలేదు. కొత్త కోడలు. నలభై రోజులుగా 'అలాగేనండీ' అనే మాటతోనే నెట్టుకొచ్చింది. ఆ అరుపుకి అత్తగారు వంటింట్లోంచి వచ్చి గడపలో నిలబడిపోయారు. మామగారు పండు కింద పెట్టారు. ఎందుకు పెట్టారో ఆయనకే తెలియనట్టు దాని వైపు చూశారు.

"చెయ్యి కడుక్కుని రండి."

కడుక్కొచ్చారు. గుచ్చింది. యంత్రం కాసేపు ఆలోచించి అయిదువందల ముప్పై ఒకటి అంది.

"కొత్త మిషనేమోనమ్మా..."

"మల్లయ్య చెప్పాడు మావయ్యగారూ."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నారు. "నా ఫోనుకి మెసేజొస్తే మీ అత్తయ్యే చదువుతుంది. నాకు అద్దాల్లేకుండా కనపడదు. చదివిందంటే ఇక ఈ ఇంట్లో పండనేది ఉండదు. సీజను ఇంకో ఇరవై రోజులుందమ్మా. అయ్యాక చూపించుకుందామనే. అయినా మల్లయ్య బాగుందన్నాడు కదా. బాగుందన్నాక తినకపోతే ఎలా?"

"బిందె ఖాళీ చేసేది మీరా?" అన్నారు అత్తగారు. "రోజూ వాణ్ణి తిట్టించారా నా చేత!"

"దాహం వేస్తుంటే ఏం చెయ్యమంటావే?"

"రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?" అంది సింధూర.

"నాలుగు. అయిదు."

ఆ ప్రశ్న ఆమె తయారుచేసిన శిబిరం ఫారంలో మూడోది. నాలుగోది 'అతిదాహం ఉందా?' ఊరందరినీ అడగడానికి అచ్చు వేయించింది. ఇంట్లో పొద్దున్నే జవాబు దొరికితే ఎండలు కదా అని సర్దిచెప్పింది. ఇప్పుడు ఎవరి మీద చిరాకుపడాలో తెలియక, యంత్రాన్ని డబ్బాలో పెట్టి ధడాలున మూత వేసింది.

"లేవండి. ఆసుపత్రికి వెళ్దాం."

"ఈ ఎండలోనా? సాయంత్రం..."

"నాన్నా, లే" అన్నాడు శశాంక్. అప్పటికే కారు తాళాలు అతని చేతిలో ఉన్నాయి.

రెండు గంటలవుతుండగా నలుగురూ రిసెప్షన్ ముందు నిలబడ్డారు. ఫోను చేసి చెప్పడంతో డాక్టర్ శేషగిరిరావు గారు భోజనానికి వెళ్ళకుండా గదిలోనే ఉన్నారు. పైన పడక సిద్ధంగా ఉంది. నర్సు సెలైను స్టాండుతో లిఫ్టు దగ్గర నిలబడింది. ఇలాంటివన్నీ వాటంతటవే జరుగుతాయని లోకం అనుకుంటుంది. ఇవాళ మాత్రం మామగారు ఆ స్టాండునీ, ఆ నర్సునీ, ఫోనులో పడక నంబరు అడుగుతున్న కోడలినీ మార్చి మార్చి చూశారు. తను ఊరందరికీ చెప్పుకున్న మాట అబద్ధమనీ, అసలు పని అంతకంటే చాలా పెద్దదనీ ఆయనకి తట్టినట్టుంది.

"పేరండీ?" అంది హారిక.

"వెంకటేశ్వర్లు."

"ఫోను నంబరు?"

ఆయన పక్కనే ఉన్న భార్యని ఓరగా చూసి, గొంతు సవరించుకుని, "తొమ్మిది నాలుగు..." అన్నారు.

"మావయ్యగారూ! అది మల్లయ్యది!"

"అలవాటైపోయిందమ్మా."

"నాది వెయ్యి హారికా" అంది సింధూర.

హారిక టకటకా కొట్టింది. ఆగింది. తెర వైపు చూసి, సింధూర వైపు చూసి, చాలా భయంగా అంది. "మేడం, ఈ నంబరు మీద సింధూర గారు, వయసు ఇరవై అయిదు అని ఉన్నారు. కొనసాగించాలా అని అడుగుతోంది. నొక్కనా?"

"నొక్కావంటే చంపేస్తాను."

శశాంక్ అటు తిరిగి దగ్గు నటించాడు. సింధూర సంచిలోంచి తాళంచెవి తీసింది. బీరువా తలుపు కిర్రుమంది. పాత చీటీల పుస్తకం దుమ్ము దులిపి బల్ల మీద పెట్టి, పెన్ను తీసుకుని, మామగారి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, తన చేత్తో రాసింది. గది గుమ్మంలోంచి డాక్టరు గారు ఆ పుస్తకాన్ని చూశారు. కనుబొమలెత్తారు. సాఫ్టువేరు కంపెనీ వాడిని రేపు పొద్దున్నే కూర్చోబెట్టి మాట్లాడాలని, మెసేజులో ముందు పేరు రావాలని, ముఠావాళ్ళకి మనిషికో కార్డు ఇవ్వాలని మనసులో రాసుకుంటూ, ఆమె ఆయన వైపు చూడకుండానే తర్వాతి గడి దగ్గరికి వచ్చింది.

"ఇవాళ పొద్దుట్నుంచీ ఏం తిన్నారు మావయ్యగారూ?"

"టిఫిను. తర్వాత ఒక రెండు పళ్ళు."

"ఆయన పై రెండే చెబుతున్నారమ్మా" అన్నారు అత్తగారు. కారులో శశాంక్ ఆమెకి మల్లయ్య గంప సంగతంతా చెప్పేశాడు. "పళ్ళెంలో టెంకలు నేను లెక్కపెట్టాను. తొమ్మిది."

సింధూర తొమ్మిది అని రాసింది.